గ్లాసు మీద చెయ్యి

మీ ఇంటికి వచ్చిన మనిషి మంచినీళ్ళు వద్దంటే, ఆ మాటను మీరు ఎన్నోసారికి నమ్ముతారు?

తొందరపడి జవాబు చెప్పకండి. మొదటిసారికే నమ్ముతామనేవాళ్ళ మీద నాకు అనుమానం. నేను పుట్టి పెరిగిన బందరులో అలాంటి ఇల్లు ఒక్కటీ చూడలేదు. మా ఇంటిని కూడా ఈ మాటలోంచి మినహాయించడం లేదు.

ఈ ప్రశ్న నాకు ఒక భోజనాల బంతిలో పుట్టింది. మా పక్కింటి మావయ్య పెద్దదినం నాడు, ఆయన ఇంటి ముందు వేసిన షామియానా కింద, నా ఎదుటి వరసలో కూర్చున్న ఒక పెద్దమనిషి మజ్జిగ పోయించుకుంటూ పక్కాయనతో అన్నారు. "ఏముందండీ, దాహం ఆపుకోలేక దొంగచాటుగా నీళ్ళు తాగేసుంటాడు. డయాలిసిస్ వాళ్ళంతా అంతే." పక్కాయన తల ఊపారు. ఇంకెవరో "పాపం" అన్నారు. ఆ "పాపం"తో తీర్పు ఖాయమైపోయింది. సాక్ష్యం మాత్రం ఎవరూ అడగలేదు.

కాలేజీ వాదోపవాద పోటీల్లో నాకు మొదట నేర్పింది ఒకటే: మనకు నచ్చిన ముగింపునే ఎక్కువగా అనుమానించాలి. మావయ్య తాగలేదనే ముగింపు నాకు నచ్చుతుంది. కాబట్టి దాన్ని కూడా అనుమానిస్తూనే ఆయన గురించి రాస్తున్నాను.

ఆయన పని వడ్డన. వంట కాదు. ఆ తేడా ఆయనకు చాలా ముఖ్యం. వండేవాళ్ళు వండి పక్కకు తప్పుకుంటారని, తినిపించేది మాత్రం తానేనని ఆయన నమ్మకం. గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా పెళ్ళిళ్ళలో బంతి నడిపించడానికి ఆయన్ని పిలిచేవారు. తెల్లచొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, భుజాన తువ్వాలుతో, బంతి మొదట్లో నిలబడి చివరిదాకా ఒక్కసారి చూసేవారు. ఎవరి పప్పు అయిపోయిందో, ఎవరు నెయ్యి కోసం చూస్తూ అడగలేకపోతున్నారో ఆ ఒక్క చూపుకే తెలిసిపోయేది. "మొహాలు అబద్ధమాడతాయి లాయరమ్మా, విస్తరి ఆడదు" అనేవారు. నేను చదివేది లా కాదు. కానీ ప్రశ్న అడిగిన ప్రతిసారీ నాకు ఆ బిరుదు దక్కేది.

ఆయన విద్యలన్నిటిలో గొప్పది చేతుల్ని చదవడం. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టిన మనిషి నిజంగా వద్దంటున్నాడా, మొహమాటపడుతున్నాడా అన్నది ఎలా తేలుతుంది?

"వేళ్ళ సందులు చూడాలమ్మా" అని ఒకసారి మా అరుగు మీద కూర్చుని పాఠం చెప్పారు. "వేళ్ళు విడివిడిగా ఉన్నాయనుకో, మొహమాటం. ఆ సందుల్లోంచే పోసేయొచ్చు. దగ్గరగా బిగించి ఉంటే కడుపు నిండిపోయినట్టు. అప్పుడు ఇంకొక్కసారే అడగాలి."

"నిండిందని తెలిశాక కూడా అడుగుతారా?"

"అడక్కపోతే అమర్యాద కాదూ!"

అలాంటి మనిషికి కిడ్నీలు చెడిపోయాయి. వారానికి మూడు పూటలు డయాలిసిస్. మూత్రం దాదాపు ఆగిపోయినవారికి తాగిన నీరు బయటికి వెళ్ళే దారి ఆ మిషను ఒక్కటే. మిషను ఎక్కేదాకా అది కాళ్ళలో, మొహంలో, చివరికి ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది. పడుకుంటే ఊపిరాడదు. అందుకని డాక్టరు గారు ఆయన రోజువారీ నీటిని ఒక చిన్న సీసాకు కుదించారు. "ఇంకొంచెం" అనే మాటతో బతికిన మనిషికి "ఇంతే" అనే మాట దొరికింది.

ఆయన ఏడవలేదు. అనుమానించడం మొదలుపెట్టారు.

ఆ సీసా నడుముకు ఒక ఎర్ర రబ్బరు బ్యాండు ఉండేది. గుక్క తాగిన ప్రతిసారీ బ్యాండును నీటి మట్టానికి సరిగ్గా జరిపేవారు. నీళ్ళు బ్యాండు కంటే కిందికి ఉంటే తాను మరిచిపోయి తాగినట్టు. పైకి ఉంటే ఇంట్లో ఎవరో పోసినట్టు. రెండోదానికే ఆయన ఎక్కువ భయపడేవారు. ఎందుకంటే ఆ పని ఎలా చేస్తారో, ఎంత ప్రేమగా చేస్తారో ఆయన కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

ఏ పదార్థం ముందు పెట్టినా పళ్ళెం కొంచెం వంచి చూసేవారు. "విస్తట్లో పారేదంతా నీళ్ళే. చారు, పులుసు, పాయసం, మజ్జిగ... పేర్లు మార్చుకుని వస్తాయంతే."

ఒకసారి నేను అడ్డుపడ్డాను. "పుచ్చకాయ ముక్క పారదు కదా మావయ్యా?"

ఆయన చాలాసేపు ఆలోచించారు. "దాన్ని బెయిలు మీద ఒదిలారు" అన్నారు.

నోరు మరీ ఎండిపోతే లవంగం బుగ్గన పెట్టుకునేవారు, లేకపోతే నీళ్ళు పుక్కిలించి ఉమ్మేవారు. అదీ ఎవరైనా చూస్తుండగానే. పంపు దగ్గర బుగ్గలు ఉబ్బించుకుని నిలబడి, మాట్లాడే వీలు లేక, గోడ మీదుగా నాకు చెయ్యి ఊపేవారు. నేను అటు చూశాక ఉమ్మి, "సాక్షివి నువ్వు" అనేవారు. నవ్వొచ్చేది. తనను నమ్మరన్న సంగతి అందరికంటే ముందు ఆయనకే తెలుసని అప్పుడు నాకు తట్టలేదు.

వాళ్ళ అమ్మాయి, నేను అక్కా అని పిలిచేది, పెళ్ళయి కోడూరు వైపు వెళ్ళింది. ఇంట్లో ఆయన, అత్తయ్య. అందుకని కాలేజీకి వెళ్ళే దారిలో డయాలిసిస్ సెంటరు దగ్గర ఆయన్ని నేనే నా స్కూటీ మీద దింపి, మళ్ళీ తీసుకొచ్చేదాన్ని. ఎండాకాలం వచ్చేసరికి మా వీధి చివర చలివేంద్రం వెలిసింది. తాటాకు పందిరి, ఎర్రగుడ్డ చుట్టిన కుండలు, ఆపి మరీ మజ్జిగ ఇచ్చే మనుషులు.

"ఆ వీధి వద్దమ్మా. అక్కడ పుణ్యాత్ములున్నారు" అనేవారు వెనక సీటు నుంచి. మేం చుట్టు తిరిగి వెళ్ళేవాళ్ళం.

సెంటరులో మిషను ఎక్కించే ముందు బరువు చూస్తారు. పోయినసారి దిగినప్పటి బరువుకూ ఇప్పటికీ తేడా ఎంతో, ఒంట్లో నీరు దాదాపు అంత చేరినట్టు. ఆయన చెప్పులు, వాచీ, భుజం మీది తువ్వాలు, చివరికి జేబులోని లవంగాల పొట్లం కూడా తీసి పక్కన పెట్టి, ఊపిరి బిగబట్టి తూకం ఎక్కేవారు. ఉగాది వెళ్ళాక ఆ తేడా ఉన్నట్టుండి పెరగసాగింది.

"మావయ్యా, మళ్ళీ తాగేశారు" అంది సిస్టర్.

"తాగలేదు తల్లీ."

"ఇక్కడ ఎవ్వరూ తాగరు మావయ్యా. నీళ్ళే వాటంతటవి నడుచుకుంటూ వచ్చి ఒంట్లో కూర్చుంటాయి!"

గదిలో మంచాల మీదున్నవాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వులో కొంత ఊరట కూడా వినిపించింది. ఆ పూటకు ఆరోపణ ఇంకొకరి మీద పడింది కదా. ఎక్కువ నీరు లాగవలసి వచ్చిన రోజున ఆయనకు పిక్కలు పట్టేసేవి. సిస్టర్ పాదాలు నొక్కుతూనే మళ్ళీ అడిగేది. ఆయన పళ్ళు బిగించి అదే జవాబు చెప్పేవారు.

తిరుగు దారిలో నేనూ అడిగాను. "నిజం చెప్పండి మావయ్యా."

"చెప్పాను."

"మరి ఆ బరువు ఎక్కడిది?"

"అదేగా నేనూ అడుగుతోంది. మీరందరూ నన్ను అడుగుతున్నారు, నేనెవర్ని అడగాలి?"

అడగవలసిన మనిషి తేలడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఒక మధ్యాహ్నం గోడ అవతలి నుంచి కేక వినిపించింది. "లాయరమ్మా, ఒకసారి రా!" వెళ్ళేసరికి భోజనం పళ్ళెం ముందు సీసా నిలబెట్టి ఉంది. నీళ్ళు బ్యాండు కంటే పైకి ఉన్నాయి. అత్తయ్య వంటగది గుమ్మంలో కొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడ్డారు.

"ఎవరు పోశారిది?" అన్నారాయన.

"నాకేం తెలుసు? ఆ బ్యాండే కిందికి జారిందేమో."

"పొద్దున్నించీ జారనిది నేను కునుకు తీసేసరికే జారిందా?"

అత్తయ్య గుమ్మం దిగి ముందుకొచ్చారు. "పోశాను. రెండు గుక్కలు పోశాను. అయితే ఏం? పెదాలు పగిలి నెత్తురొస్తుంటే చూస్తూ కూర్చోమంటారా? కిడ్నీలకి నీళ్ళు బాగా తాగాలని టీవీలో రోజూ మొత్తుకుంటున్నారు. నీళ్ళు చాలకే అవి అలా ఎండిపోయాయి."

ఆయన ఆమె మొహం చూడలేదు. పళ్ళెంలోని అన్నం వైపు చూశారు. నాలుగు మెతుకులు వేళ్ళ మధ్య నలిపారు. "ఈమధ్య అన్నం ఇంత మెత్తగా ఎందుకుంటోంది?"

అత్తయ్య పళ్ళెం అందుకోబోయారు.

"అడుగుతున్నాను."

"బార్లీ నీళ్ళు ఎక్కువగా పోసి ఉడికిస్తున్నా. కిడ్నీకి మంచిదని మా వదిన చెప్పింది. తాగమంటే తాగరు. అందుకని తినిపిస్తున్నా."

ఆయన పళ్ళెం ఎత్తి వంచారు. అన్నం ముద్దగా కదలకుండా ఉండిపోయింది. "పారలేదు" అన్నారు మెల్లగా. "అందుకే నాకు చిక్కలేదు."

కిడ్నీలు పనిచేసేవాళ్ళకు చెప్పిన సలహా అవి పని ఆపేసినవాళ్ళకు వర్తించదని, వర్తింపజేస్తే ప్రాణం మీదికి వస్తుందని నేను అత్తయ్యకు వివరించాను. క్రమంగా, ఉదాహరణలతో, తడబడకుండా. ఆమె చివరిదాకా విన్నారు.

"బాగా చెప్పావమ్మా. ఆయన పెదాల వంక చూస్తూ మళ్ళీ చెప్పు" అన్నారు. తర్వాత ఆయన వైపు తిరిగారు. "ఊళ్ళో అందరికీ వద్దంటున్నా పోశారు. చేతుల మీద పోశారు, సందుల్లోంచి పోశారు. దాన్ని మర్యాద అన్నారు. కట్టుకున్న మనిషికి నేను రెండు గుక్కలు పోస్తే నేరమా?"

ఆయన పళ్ళెం దించి పక్కకు జరిపారు. ఆ వాదనలో ఎవరు గెలిచారో చెప్పలేను. ఆ మర్నాటి నుంచి అన్నం పొడిపొడిగా వండారని, తూకం మీది తేడా తగ్గిందని మాత్రం చెప్పగలను. సిస్టర్ "చూశారా, మానేసేసరికి ఎంత తగ్గిందో" అంది. ఆయన అత్తయ్య పేరు ఎత్తలేదు. "అవును తల్లీ, మానేశాను" అన్నారు. చెయ్యని నేరాన్ని ఆయన ఒప్పుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత మోపిదేవి ప్రయాణం. మనవరాలికి సుబ్రహ్మణ్యస్వామి సన్నిధిలో చెవులు కుట్టిస్తున్నారు. కార్యం ఆదివారం. డయాలిసిస్ శనివారం అయ్యాక మళ్ళీ మంగళవారమే కాబట్టి, వారంలో నీరు ఎక్కువగా పోగుపడే ఎడం అదే. పైగా ఆయన జబ్బు వల్ల వియ్యాలవారి పిలుపులు అంతకు ముందు తప్పిపోయాయి. "మీ నాన్నకి మేం ఆనం" అని అక్కను అత్తవారింట్లో అంటూనే ఉన్నారు. అక్క ముందురోజు ఫోను చేసింది. స్పీకరులో నేనూ విన్నాను. "నాన్నా, రేపొక్క పూట మా మావగారు ఏదిచ్చినా వద్దనకు. నేను ఆ ఇంట్లో ఉండాలి."

బస్సులో ఆయన సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పొద్దున్నించీ గుక్క కూడా ముట్టలేదు. "అక్కడ ఎలాగూ బలవంతపెడతారు కదా. నా వాటా వాళ్ళ కోసం దాచాను" అన్నారు. పెదాలకు అత్తయ్య రాసిన నెయ్యి అప్పటికే ఆరిపోయింది.

గుడి దగ్గర పుట్టలో పాలు పోస్తున్న వరసను చూసి నా చెవిలో అన్నారు. "స్వామికీ మొహమాటమే. ఒక్కరినీ వద్దనలేకపోతున్నాడు."

చెవులు కుట్టడం అయింది. సత్రంలో బంతి వేశారు. ఆయన, అత్తయ్య, నేను ఒక వరసలో కూర్చున్నాం. కోడూరు దగ్గర చేపల చెరువులు చేసే వియ్యంకుడు గారు జగ్గుతో మా వైపే వచ్చారు.

"బావగారూ, మా చెరువు గట్టు మీది కొబ్బరి బోండాలు. పొద్దున్నే దింపించాను. కిడ్నీకి ఇంతకు మించిన మందు లేదంట."

మంచినీళ్ళయితే ఆయన దాచుకున్న వాటాలోంచి తాగేవారు. కొబ్బరినీళ్ళ సంగతి వేరు. వాటిలోని పొటాషియం డయాలిసిస్ మీదున్నవారి గుండెను ఆపగలదని డాక్టరు గారు ప్రత్యేకంగా హెచ్చరించారు. ఆయన గ్లాసు మీద చెయ్యి పెట్టారు. నేను పక్కనే ఉన్నాను. వేళ్ళు బిగించి ఉన్నాయి. వెంట్రుకవాసి సందు లేదు.

"మొహమాటపడకండి!" అంటూ వియ్యంకుడు గారు పోసేశారు. నీళ్ళు ఆయన వేళ్ళ కణుపుల మీదుగా జారి విస్తరిని, పంచెను తడిపాయి. ఆయన చెయ్యి తియ్యలేదు.

వియ్యంకుడు గారి మొహం మారింది. "మా ఇంటి నీళ్ళు మీకు పనికిరావంటే ఆ మాటే చెప్పండి."

ఏడుస్తున్న పాపను ఎత్తుకుని అక్క స్తంభం పక్కన నిలబడి తండ్రినే చూస్తోంది. నేను లేచి పొటాషియం గురించి, గుండె గురించి చెప్పాను.

"శుభమా అని పిల్లకి చెవులు కుట్టిస్తుంటే గుండె ఆగడమేంటమ్మాయ్?" అన్నారు వియ్యంకుడు గారు. అక్కడున్నవాళ్ళంతా నన్నే తప్పుపడుతూ చూశారు.

అప్పుడు మావయ్య లేచారు. తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని, వడ్డించేవాళ్ళ దగ్గర్నుంచి పాయసం బకెట్టు తీసుకున్నారు. "బావగారూ, మీరు కూర్చోండి. ఇవాళ మీకు నేను వడ్డించాలి." ఆయన వడ్డన సంగతి దివిసీమలో తెలియనివాళ్ళు తక్కువ. "కూర్చోండి, కూర్చోండి" అని అందరూ తొందరపెట్టారు. వియ్యంకుడు గారు బిగుసుకునే కూర్చున్నారు. మావయ్య గొంతు పాతరోజుల్లోలా లేచింది. ఒక గరిటె వేశారు. "మనవరాలి పేరు చెప్పి" అంటూ ఇంకోటి వేశారు. మూడోదానికి వియ్యంకుడు గారు నవ్వేసి, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టారు. "చాలు బావగారూ, వద్దు. నాకు షుగరుంది."

ఆయన వేళ్ళు బారుగా విడిపోయి ఉన్నాయి.

గరిటె ఆ చేతి మీదికి వంగింది. అందరూ కేరింతకు సిద్ధమయ్యారు. మావయ్య ఆగారు. గరిటెలోని పాయసాన్ని తిరిగి బకెట్టులోకి ఒంపారు.

"వద్దన్నారు కదా బావగారూ. ఆపేశాను." బకెట్టు కింద పెట్టారు. "నాదీ అంతే."

వియ్యంకుడు గారు విస్తరి మీదున్న తన చేతిని తనే కాసేపు చూసుకున్నారు. తర్వాత జగ్గు తీసెయ్యమని ఎవరికో సైగ చేసి, "మరేం తీసుకుంటారు?" అని అడిగారు. మావయ్య తన సీసా తీసి ఒక్క గుక్క తాగి, వియ్యంకుడి ముందే బ్యాండు జరిపారు. అక్క వచ్చి తండ్రి పక్కనున్న బకెట్టు అందుకుంది.

తిరుగు బస్సు చల్లపల్లి దాటాక అడిగాను. "ఆయన వేళ్ళు విడిగానే ఉన్నాయి కదా మావయ్యా?"

"ఉన్నాయి."

"మీ లెక్కన అది మొహమాటమే."

"అయ్యుండొచ్చు."

"మరెందుకు ఆపారు?"

ఆయన కిటికీలోంచి పంటకాలువ వైపు చూశారు. "ఏమో లాయరమ్మా. నాకు తెలుసనే అనుకున్నాను ఇన్నాళ్ళూ."

కొన్ని నెలల తర్వాత ఒక తెల్లవారుజామున ఆయన పోయారు. గుండె ఆగిందన్నారు. ఈ జబ్బులో నియమం పాటించినవారి గుండె కూడా ఆగవచ్చని డాక్టరు గారు అన్నారు. ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు. షామియానా కింద వినిపించిన తీర్పే అందరికీ సులువుగా ఉంది.

భోజనాలయ్యాక లోపలికి వెళ్ళాను. సీసా కిటికీలో అలాగే ఉంది. నీళ్ళు బ్యాండు కంటే రవ్వంత కిందికి ఉన్నాయి. ఆ రవ్వంత ఏమిటి? ఇన్ని రోజుల ఎండకు ఆవిరైపోయిందా? చివరి గుక్క తాగి బ్యాండు జరపడానికి ఆయనకు వ్యవధి లేకపోయిందా? జరపకూడదనుకున్నారా? నేను సీసా వైపు చూడటం అత్తయ్య గమనించారు.

"మూత నేనే సరిగ్గా పెట్టలేదు" అన్నారు, నేనేమీ అడక్కుండానే.

ఆ మాటను కూడా నేను అనుమానించాను. ఇప్పటికీ తేల్చలేకపోయాను.

ఆయన తాగారనే అనుకుందాం. ఆయన అన్నంలోకి మనం నీళ్ళు చేర్చాం. ఆయన బిగించిన వేళ్ళ మీద పోశాం. ఆయన వెళ్ళే వీధిలో కుండలతో కాపు కాశాం. అదంతా మర్యాద. ఆయన తనంతట తాను తాగిన ఒక్క గుక్క, అదీ తాగి ఉంటే, దొంగతనం. ఈ విభజన ఏ న్యాయం ప్రకారం చేశారో ఆ పెద్దమనిషిని అడగాలని ఉంది. అడిగితే ముందు మజ్జిగ పుచ్చుకోమంటారు.

అందుకే ఆయన్ని కాదు, మిమ్మల్ని అడుగుతున్నాను. రేపు మీ ముందు ఎవరైనా గ్లాసు మీద చెయ్యి పెడితే, ఆ వేళ్ళ సందులు వెతక్కండి. కారణం అడగకండి, నొచ్చుకోకండి. జగ్గు కింద పెట్టి, ఆ మనిషి పక్కన కూర్చోండి.